డోలు ఆగితే చెయ్యి వదలాలి

జగదల్‌పూర్ మైదానంలో గ్లైడరు పడిపోయింది గాలి వల్లనే అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఏం గాలి? ఎక్కడి గాలి? ఆ పొద్దున నేను చేట పట్టుకుని వడ్లు తూర్పారబడదామంటే పొట్టు కూడా కదల్లేదు. గ్లైడరు పడింది మా ఆయన రెక్క వదలకపోవడం వల్ల. ఈ మాట నేను చెప్తే తప్పేమీ లేదు. ఆయన బతికి ఉండగా ఆయనే నలుగురిలో నవ్వుతూ చెప్పేవాడు. అలా నవ్వుతూ చెప్పే రోజు ఒకటి వస్తుందని మాత్రం ఆ చలికాలంలో నేను అనుకోలేదు.

అవి బస్తర్ సంస్థానం రోజులు. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్త. ఊరి బయట విమానాలు దిగడానికి ఒక మైదానం ఉండేది. మా ఆయన దానికి చౌకీదారు. మైదానం అంచున సాల కర్రలతో కట్టిన గుడిసె మాది. విమానం ఏడాదికి ఎప్పుడో ఒకటి వచ్చేది. ఆవులు రోజూ వచ్చేవి. ఆవుల్ని తోలడం నా పని. ఇంత దూరం నుంచి నేను ఒక్క కేక వేస్తే అటు రోడ్డు మీద బండెడ్లు కూడా ఆగిపోయేవని మా ఆయన ఎక్కిరించేవాడు. నాది శబరి ఒడ్డున కోంట వైపు ఊరు. మా నాయన నాకు నాలుగు అక్షరాలు నేర్పాడు, నోరు మాత్రం నేనే నేర్చుకున్నాను.

ఆ ఏడు దసరా అయిపోయాక, పొలాల్లో కోతలు సాగుతుండగా, రెండు విమానాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందుది చిన్నది, బోలెడు మోత. వెనకది పొడుగు రెక్కలది, చప్పుడే లేదు. రెంటికీ నడుమ తాడు. దివాణం వాళ్లకు చూపించడానికి తెచ్చారట. కిందికి దిగాక దగ్గరికి వెళ్లి చూద్దును కదా, ముక్కు దగ్గర పంకా లేదు, లోపల ఇంజను లేదు. చక్రం ఒక్కటే ఒకటి, కడుపు కింద. ఒక రెక్క నేల మీద ఆనించి పక్కకు వాలి కూర్చుంది.

"ఇదేంది, ఇంజను ఇంట్ల మర్చిపోయి వచ్చిన్రా?" అన్నాను మా ఆయనతో.

అందులోంచి దిగుతున్న కుర్రాడు పకపకా నవ్వాడు. "మర్చిపోలేదక్కా. దీనికి ఉండదు. పైకి లాగి వదిలేస్తే గాలి మీద తిరుగుతాది" అన్నాడు. తెలుగు! జగదల్‌పూర్‌లో పొద్దున లేస్తే హల్బీ, బజారుకెళ్తే హిందీ. మా ఇంటి బయట తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్లయిందో! విశాఖపట్నం దగ్గరి పల్లె వాడట. యుద్ధంలో విమానాల దగ్గర పనిచేసి, తర్వాత గ్లైడరు నడపడం నేర్చుకున్నాడట. పాతికేళ్లుంటాయేమో. ఆ పూటే నన్ను అక్కా అన్నాడు, మా ఆయన్ని బావా అన్నాడు. ఎండబెట్టి దాచిన చింతచిగురుతో పప్పు వండితే అడిగి అడిగి వడ్డించుకుని తిన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

దాన్ని పైకి లేపడం ఎలాగో కూడా వాడే చెప్పాడు. ముందు విమానం తాడుతో లాగుతుంది. వెనక గ్లైడరు ఒంటి చక్రం మీద దొర్లుతుంది. మొదట్లో అది నిలబడలేదు కాబట్టి ఒక మనిషి రెక్క కొస పట్టుకుని, సమంగా ఉంచుతూ పక్కనే పరిగెత్తాలి. వేగం అందుకోగానే చెయ్యి తీసెయ్యాలి. చిన్నపిల్లకు సైకిలు నేర్పేటప్పుడు వెనక పట్టుకుని కాస్త దూరం ఉరికి వదిలేస్తారే, అంతే. ఆ పనికి వాళ్ల మెకానిక్కు ఒకడు వచ్చాడు. కానీ మన బస్తర్ దోమలు కొత్తవాళ్లను ఊరికే వదులుతాయా? దివాణం వాళ్లు చూడ్డానికి వచ్చే రోజుకి అతను మలేరియాతో ముసుగు తన్ని వణుకుతున్నాడు.

"బావా, నువ్వు పట్టు" అన్నాడు కుర్రాడు. మా ఆయన ముఖం ఎలా వెలిగిందో! ముందురోజు సాయంత్రం మెల్లగా నడిచి చూపించారు, రెండుసార్లు. "గాలి వచ్చి రెక్కని నీ చేతిలోంచి అడుగుతాది బావా. అడగ్గానే ఇచ్చీయాల" అన్నాడు. "గంతేనా" అన్నాడు మా ఆయన.

గంతే. కానీ మా ఆయన చెయ్యి ఎటువంటి చెయ్యో ఆ పిల్లవాడికేం తెలుసు?

మా అత్తగారి కుటుంబం మూడు తరాల కింద గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఊళ్లో నిలబడింది. దసరాకు రథం లాగే ఊళ్లలో అదొకటి. భూమి ఇచ్చినప్పుడు కాదు, రథం తాడు మీద చెయ్యి వెయ్యనిచ్చిన రోజున మేం ఈ ఊరివాళ్లం అయ్యామని మా మామ అనేవాడు. అడవిలో దొరికే అడ్డాకు తీగ నారతో పేనిన తాడు, తొడ లావు ఉంటుంది. డోళ్లు మోగుతున్నంతసేపూ చెయ్యి తియ్యకూడదు. డోలు ఆగితే రథం ఆగినట్టు, అప్పుడే వదలాలి. మా ఆయన చిన్నతనంలో ఒక దసరాకు తాడు మీద ఉన్న ఒకతను ముందే వదిలేశాడు. వాలులో ఉన్న రథం పక్కకు జారింది. మా మామ కాలు చక్రం కిందికి వెళ్లింది. అప్పటినుంచి ఆయన కర్ర పట్టుకునే నడిచాడు. ఆ వదిలినతను మళ్లీ తాడు ముట్టలేదు. డోలు వాయించే వాళ్లలో చేరాడు, తర్వాత వాళ్లకు పెద్ద అయ్యాడు. ఒకే ఊళ్లో ఉంటూ మా మామ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. కుంటుతున్న తండ్రి వెనక నడుస్తూ పెరిగిన కొడుకు మా ఆయన. వదలకూడదన్నది ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

చూపించే రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ మైదానానికి వచ్చేశాయి. దివాణం వాళ్లు కుర్చీల్లో, మిగతావాళ్లు గట్టు మీద. డోళ్లూ, సన్నాయిలాంటి మోహరీలూ కూడా వచ్చాయి. పిలిచిందెవరు? ఎవరూ పిలవలేదు! తాడు కట్టి ఏదో లాగుతారని విన్నారు, తాడు కట్టి లాగితే డోలు లేకుండా ఎలా అని తెచ్చుకున్నారు. ముందు విమానం గర్రుమంది. గడ్డిలో పాములా పడి ఉన్న తాడు బిగుసుకుంది. తాడు బిగియడం చూసి జనం రథం కదిలినప్పుడు పెట్టే కేక పెట్టారు. డోళ్లన్నీ ఒక్కసారి మోగాయి.

మా ఆయన పరిగెత్తాడు. బాగానే పరిగెత్తాడు. నేను ఈలలు వేస్తున్నాను. వదిలే చోటు వచ్చింది. దాటింది. ఆయన వదల్లేదు. "వదులయ్యో, వదులు!" అని అరిచాను. అంత నోరున్న నా కేక ఆ డోళ్లలో నాకే వినపడలేదు. ఆయన పట్టుకున్న రెక్క వెనకబడింది, రెండో రెక్క ముందుకు పోయింది, గ్లైడరు ముక్కు ఆయన వైపు తిరిగింది. లోపలి కుర్రాడు మీట లాగి తాడు విడిపించుకున్నాడు. లేకపోతే ముందు విమానం కూడా కూలేది. అది ఒంటరిగా పైకి వెళ్లిపోయింది. ఇది మాత్రం రెక్క నేలలో గుచ్చుకుని, బొంగరంలా ఒక చుట్టు తిరిగి, ఫెళఫెళమని విరిగి ఆగింది. మా ఆయన ఎగిరి అంత దూరాన పడ్డాడు. దేవుడా అనుకుంటూ అటు ఉరికాను.

మా ఆయనకు భుజం జారింది. కుర్రాడికి కాలు మోకాలి కింద విరిగింది. ఆసుపత్రిలో మంచం మీద ఉండగా దివాణం ఆఫీసరు వచ్చి ఏం జరిగిందని అడిగాడు. కుర్రాడు మా ఆయన వంక చూశాడు. తర్వాత హిందీలో, "హవా సాబ్, ఒక్కసారి పక్కనుంచి కొట్టింది" అన్నాడు. ఆఫీసరు తలూపి వెళ్లిపోయాడు.

నేనైతే ఆ పిల్లవాడి చేతులు కళ్లకద్దుకున్నాను. మా ఆయన మాత్రం ఆ మాటతోనే కుంగిపోయాడు. "నా తప్పును గాలి మీద పెట్టిండు" అన్నాడు ఇంటికొచ్చాక. భుజం సర్దుకుంది. కానీ చెయ్యి దేన్నీ పట్టడం మానేసింది. గొడ్డలి ముట్టడు. ఆవు మెడతాడు ముట్టడు. పక్కింటివాళ్లు చంటిదాన్ని ఎత్తుకోమని చాపితే వెనక్కి జరిగాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు గట్టిగా అడిగేశాను, "ఏందయ్యా నీ సంగతి? నీ చేతికేమన్నా మైల పట్టిందా?" అని.

ఆయన అరచేయి చూసుకుంటూ అన్నాడు: "వదిలితే మా నాయన కాలు పోయింది. వదలకపోతే ఈ పిలగాని కాలు పోయింది. ఇంక ఏం చెయ్యాల్నో ఈ చేతికి తెలుస్తలేదే."

పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుని ఏడ్చాను. పొగ అనుకున్నాడు.

విరిగిన గ్లైడరును మా గుడిసె పక్క షెడ్డులో పెట్టారు. తాడు లాగే విమానం వాళ్లు వెళ్లిపోయి, కావలసిన చెక్కా గుడ్డా లారీలో పంపారు, బాగయ్యాక మళ్లీ వస్తామన్నారు. కుర్రాడు కాలికి కట్టుతో మా వసారాలోనే మంచం వేసుకున్నాడు. జ్వరం తగ్గిన మెకానిక్కు రెక్కకు కొత్త ఎముకలు అతికించాడు. వాటి మీద గుడ్డ కుట్టింది నేను. రెక్క లోపల ఇన్ని సన్నటి పుల్లలుంటాయని, దాన్ని నమ్మి మనిషి ఆకాశంలోకి వెళ్తాడని నాకప్పుడే తెలిసింది. "అక్కా, నీ కుట్టు మీద నేను ఎగురుతాను, దగ్గర దగ్గర వెయ్యి" అనేవాడు. నోరు ముయ్యరా అని ఇంకా దగ్గర వేసేదాన్ని.

కాలు కాస్త నేలకు ఆనుతున్న రోజున వాడు బాంబు పేల్చాడు. మళ్లీ ఎగిరేటప్పుడు రెక్క బావే పట్టుకోవాలట.

"నీకు మతి ఉందా?" అన్నాను. "ఉన్న ఒక్క కాలూ విరగ్గొట్టుకుంటావా? మెకానిక్కు ఉన్నాడుగా!"

"మెకానిక్కు పడితే గ్లైడరు లెగుస్తాదక్కా. బావ లెగడు" అన్నాడు.

నా నోరు మూయించినవాళ్లు జీవితంలో తక్కువ. వాడొకడు.

మా ఆయన ముందు వినలేదు. వాడు వదల్లేదు. ఎడ్లబండికి అడ్డంగా పొడుగు వెదురు కట్టి, దాని కొస పట్టుకుని బావ పరిగెత్తాలి, సున్నపు గీత దాటగానే వదలాలి. వాడు మంచం మీద కూర్చుని అరుస్తాడు, నేను ఎడ్లను తోలుతాను. మా ఆయన పట్టుకోవడానికే రెండు రోజులు బతిమాలించుకున్నాడు. పట్టుకున్నాక గీత దాటినా వదల్లేదు. మళ్లీ వదల్లేదు. ఒకసారి వెదురు విరిగి చేతిలోకి వచ్చింది, అప్పుడూ వదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"డోళ్లు రానియ్యొద్దని ఆఫీసరుకు చెప్తాను బావా, చప్పుడుండదు" అన్నాడు కుర్రాడు.

"ఇప్పుడేమన్నా డోళ్లు ఉన్నయా?" అన్నాడు మా ఆయన. "తాడు బిగిసిందంటే నా చెవులల్ల మోగుతనే ఉంటయి తమ్మీ. అవి ఎప్పుడు ఆగుతయో నాకెట్ల తెలుస్తది?"

ఇప్పపువ్వు రాలడం మొదలైన రోజులు. నేను పువ్వు ఏరుకుని వచ్చేసరికి నీళ్లు లేవు. నా గోల పడలేక మా ఆయన బావి దగ్గరికి వెళ్లాడు. బొక్కెన సగం దాకా లాగాడో లేదో, రోడ్డు మీద పెళ్లివాళ్లు డోలు వాయించుకుంటూ వచ్చారు. ఆయన అలాగే నిలబడిపోయాడు. తాడు బిగబట్టి, బొక్కెన గాల్లో. పెళ్లివాళ్లు మా వేపచెట్టు నీడకు వచ్చి డోలు ఆపారు. ఆపగానే ఆయన రెండు చేతులూ తెరుచుకున్నాయి. బొక్కెన, తాడు, అన్నీ దభీమని బావిలోకి.

"అయ్యో నా బొక్కెన!" అని అరిచి, మరుక్షణం అక్కడే కూలబడి నవ్వాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆయన బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. "నీ చేతికి అంతా తెలుసయ్యా! ఎవరో ఆపాలి, అంతే!"

ఆపేవాడు ఎవరు? డోళ్ల పెద్ద. మా మామ మాట్లాడని ఆ మనిషి. మర్నాడే మా అత్తగారి ఊరికి వెళ్లాను. ఇంటి ముందు డోలును ఎండలో ఆరబెట్టి, తోలు మీద వేళ్లతో తట్టి చూస్తున్నాడు. హల్బీలోనే మాట్లాడుకున్నాం, నా తెలుగులో చెప్తున్నాను.

"కాకా, రెక్క సున్నపు గీత దగ్గరికి రాగానే నేను ఎర్రగుడ్డ ఊపుతాను. డోళ్లన్నీ ఒక్కసారి ఆపాలి. మా ఆయన వదులుతాడు."

డోలును ఎండ వైపు తిప్పి పెట్టాడు. తర్వాత, "తాడు వదిలినవాడని ఊరంతా నన్నే చూపిస్తది. నీకు ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు.

"లేదు. వదలడం తెలిసినవాడివి ఊళ్లో నువ్వొక్కడివే" అన్నాను. నోరు జారింది అనుకున్నాను. కానీ ఆయన కోప్పడలేదు.

"ఆ రోజు డోలు ఆగిందనే వదిలాను బిడ్డా" అన్నాడు. "నిజంగా ఆగిందో, అలిసిపోయి నా చెవికే ఆగినట్టుందో, ఇప్పటికీ తెలియదు. అందుకే డోలు పట్టుకున్నా. నేను ఆపితే అది ఆగినట్టు అందరికీ తెలియాలి."

ఆ మాట ఆయన మా మామతో ఎన్నడూ చెప్పలేదు. మా మామ వినేవాడా, అదీ లేదు.

తాడు విమానం తిరిగొచ్చింది. రెండోసారి దివాణం కుర్చీలు తక్కువ వేశారు, ఊళ్లు మాత్రం మరింత వచ్చాయి. ఈసారి చూడ్డానికి ఏముందో అందరికీ తెలుసు మరి. మా మామ బండి మీద వచ్చి, బండి దిగకుండా కర్ర గడ్డం కింద పెట్టుకుని కూర్చున్నాడు. కుర్రాడు కుంటుతూ వెళ్లి గ్లైడరులో కూర్చుని, "అక్కా, పప్పు పొయ్యి మీద పెట్టే వచ్చావు కదా?" అన్నాడు. పెట్టానురా, వచ్చి తిను అన్నాను. సున్నపు గీత పక్కన ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. మెకానిక్కును రెండో రెక్క దగ్గరే ఉండమని బతిమాలాను, అక్కడ అతనికి ఏ పనీ లేకపోయినా.

తాడు బిగిసింది. జనం కేక పెట్టారు. డోళ్లు మోగాయి. మా ఆయన రెక్క కొస పట్టుకుని కదిలాడు, నడక, పరుగు, ఇంకా పరుగు. నేను ఆయన ముఖం చూడలేదు. చెయ్యి ఒక్కటే చూశాను. వేళ్లు తెల్లబడి ఉన్నాయి. గీత దగ్గరికి వచ్చింది. గుడ్డ ఊపాను.

డోళ్లు ఆగాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. మోహరీ కూడా మధ్యలో తెగిపోయింది. విమానం మోత కూడా దూరమైపోయింది.

మా ఆయన చెయ్యి తెరుచుకుంది.

రెక్క సమంగా ముందుకు వెళ్లిపోయింది. వెళ్తూ ఉండగానే చక్రం నేల విడిచింది. నేను కుట్టిన గుడ్డ ఎండలో మెరిసింది. మా ఆయన ఖాళీ చేత్తో ఇంకా కొంత దూరం పరిగెత్తి, మైదానం మధ్యలో ఆగి, ఆ చేతిని ఎత్తి చూసుకున్నాడు. గ్లైడరు చెట్ల మీదికి లేచింది. చప్పుడు లేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. డోళ్ల పెద్ద పుల్లలు గాల్లో ఎత్తి, అలాగే బిగుసుకుపోయి ఉన్నాడు. మళ్లీ వాయిస్తే ఏమవుతుందోనని భయం అనుకుంటాను.

బండి మీద మా మామ కదిలాడు. కర్ర ఆనించి నిలబడ్డాడు. అన్నేళ్లుగా చూపు తిప్పుకున్న వైపు తిరిగి, గొంతు సవరించుకుని, గట్టిగా కేకేశాడు.

"ఏమిరా, ఇంకా ఎందుకు ఆపినవు? నా కొడుకు వదిలిండు. చూసిన. ఇగ వాయించు!"

డోళ్ల పెద్ద వాయించాడు. మా ఆయన మైదానం మధ్యలో రెండు చేతులూ ఎత్తి చిందేస్తుంటే, ఆవులు మళ్లీ మైదానంలోకి వచ్చేశాయి. ఆ ఒక్కరోజు నేను వాటిని తోలలేదు.